చేపకన్నా ముందు తొట్టె

వ్యక్తిత్వ వికాస సభల్లో తరచూ వినిపించే కథ ఒకటుంది. పైక్ అనే వేటచేపను గాజు తొట్టెలో ఉంచారట. మధ్యలో గాజు పలక అడ్డం పెట్టి, అవతలి పక్క చిన్న చేపల్ని వదిలారట. పైక్ వాటి మీదికి దూకీ దూకీ, మూతి చితక్కొట్టుకుని, చివరికి ఆశ వదిలేసిందట. తర్వాత పలక తీసేసినా, చిన్న చేపలు కళ్లముందే తిరుగుతున్నా ముట్టుకోకుండా ఆకలితో చచ్చిపోయిందట. "మీ మనసులో ఉన్న అద్దాన్ని ఇవాళే తీసేయండి" అని వక్త గొంతు పెంచుతాడు. చప్పట్లు మోగుతాయి.

అసలు కథ అలా లేదు. జర్మనీలోని కీల్‌లో జంతుశాస్త్ర ఆచార్యుడిగా ఉన్న కార్ల్ మోబియస్ 1873లో ఈ ప్రయోగం గురించి రాశాడు. మనిషి పుట్టుక మీద తాను రాసిన పుస్తకం రెండో కూర్పులో డార్విన్ కూడా దీన్ని ప్రస్తావించాడు. పైక్ మూడు నెలలు పలకను గుద్దుకున్నది నిజం. ఒక్కోసారి స్పృహ తప్పేంత గట్టిగా గుద్దుకున్నదీ నిజమే. పలక తీసేశాక ఆ పాత చేపల జోలికి అది వెళ్లలేదు. కానీ తర్వాత కొత్తగా వదిలిన చేపల్ని మాత్రం హాయిగా తినేసింది. దెబ్బ ఎవరి దగ్గర తగిలిందో గుర్తుపెట్టుకుంది, మిగతా ప్రపంచం మీద ఆకలి పోగొట్టుకోలేదు. నాకు ఈ అసలు కథే ఎక్కువ నచ్చుతుంది.

ఈ కథలో ఎవరూ పట్టించుకోని మనిషి ఒకడున్నాడు. మూడు నెలలపాటు ఆ పైక్ బతికే ఉందంటే, ఎవరో ఒకరు రోజూ దాని నీళ్లు చూశారు. మేత చూశారు. 1870ల్లో కరెంటు పంపు లేకుండా చూశారు. వేదికల మీద అందరూ చేప గురించే మాట్లాడతారు. నేను ఆ పోషించినవాడి గురించి మాట్లాడతాను. పెద్ద కోరిక ఎవరికైనా పుడుతుంది. ఆ కోరిక ఇంట్లోకి వచ్చాక దాన్ని ఏళ్లతరబడి నిలబెట్టగల తాహతు మాత్రం దానంతటదే పుట్టదు, ముందే కట్టుకోవాలి. చల్లనీటి వేటచేపల్ని పెంచేవాళ్ల దగ్గర ఈ పాఠం నేర్చుకున్నంత బాగా ఇంకెక్కడా నేర్చుకోలేం.

ఈ చేపలవి ఉత్తర అమెరికా, ఉత్తర యూరప్ ప్రాంతాలు. పైక్, దాని అన్నలాంటి మస్కీ, చీకట్లో మెరిసే కళ్ల వాలై, రాళ్ల మధ్య తిరిగే స్మాల్‌మౌత్ బాస్, చారల పెర్చ్. మంచు గడ్డకట్టే చెరువుల్లో పుట్టి పెరిగేవి. మిషిగన్‌లో, మిన్నెసోటాలో, ఒహాయోలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు ఇవి బాగా తెలుసు. పిల్లలతో చేపలు పట్టడానికి వెళ్తారు, గాలానికి పడినదాన్ని చూసి ముచ్చటపడతారు, ఇంటికొచ్చాక ఖాళీగా ఉన్న బేస్‌మెంట్ గుర్తొస్తుంది.

నాకు తమ్ముడి వరసయ్యే కుర్రాడు అక్కడి నుంచి అలాగే ఫోన్ చేశాడు.

"అన్నా, పైక్ పెంచుదామనుకుంటున్నా."

"తొట్టె ఎంతరా?"

"ఆరడుగులు. చేప నాలుగంగుళాలే అన్నా, బోలెడంత చోటు."

"వెడల్పు ఎంత?"

"అడుగున్నర."

"రెండు, మూడేళ్లలో అది రెండడుగులు అవుతుంది. అడుగున్నర వెడల్పులో రెండడుగుల చేప వెనక్కి ఎలా తిరుగుతుందో నువ్వే చెప్పు."

అవతల మాట లేదు. కొనబోయేవాళ్లకు నా మొదటి సలహా ఇదే. సంచిలో కనిపించే పిల్లను చూసి కొలవొద్దు, పూర్తిగా ఎదిగిన చేపను కొలవండి. తొట్టె పొడవు అందరూ అడుగుతారు. వెడల్పు ఎవరూ అడగరు. చేప ఒంటి పొడవుకన్నా తొట్టె వెడల్పు బాగా ఎక్కువ ఉండాలి. లేకపోతే తిరిగిన ప్రతిసారీ ముక్కు గాజుకు రాసుకుంటుంది, తోక మడతపడుతుంది, కొన్ని నెలలకు వెన్ను వంకరపోతుంది. ఉద్యోగంలో, వ్యాపారంలో కూడా మనం ఇలాగే ఈరోజు పరిమాణానికి సరిపడా చోటు కట్టి, మూడేళ్ల తర్వాత ఇరుకులో తిరగలేక గింజుకుంటాం.

ఒక మాదిరి పైక్‌కు ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు ఉన్న తొట్టె కూడా మొదటి మెట్టే. లెక్క వేయండి. దగ్గర దగ్గర 1,700 లీటర్లు. అంటే నీళ్లే 1.7 టన్నులు. గాజు, స్టాండు, రాళ్లు కలిపితే రెండు టన్నులు దాటుతుంది. అమెరికా ఇళ్లలో పై అంతస్తు నేల చెక్క దూలాల మీద ఉంటుంది, అక్కడ దీన్ని పెట్టాలనే ఆలోచనే రానివ్వకూడదు. బేస్‌మెంట్ కాంక్రీటు నేల మీదే పెట్టాలి. పైన బరువైన మూత, దానికి గట్టి బిగింపు ఉండాలి. పైక్ బెదిరితే నీళ్లలోంచి ఎగిరి బయటపడగలదు.

ఇక చల్లదనం. నీళ్లు చల్లగా ఉంటే వాటిలో ప్రాణవాయువు ఎక్కువ కరుగుతుంది. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో సుమారు 11.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది. 20 డిగ్రీలకు 9.1. 30 డిగ్రీలకు 7.5 దగ్గరికి దిగుతుంది. అదే సమయంలో నీళ్లు వేడెక్కేకొద్దీ చేప ఒంటికి కావాల్సిన ఆక్సిజన్ పెరుగుతుంది. రాబడి తగ్గుతూ ఖర్చు పెరుగుతూ పోయే ఇల్లు ఎన్నాళ్లు నిలుస్తుంది? పెద్ద చేపకు ఈ ఇరకాటం ఇంకా ముందు వస్తుంది. పైక్‌కు 10 నుంచి 20 డిగ్రీల మధ్య హాయి. ఉత్తరాది రాష్ట్రాల బేస్‌మెంట్లు సహజంగానే చల్లగా ఉంటాయి కాబట్టి అక్కడ పని సగం తేలిక. వేసవి ముదిరితే అక్కడా నీళ్లను చల్లబరిచే యంత్రం కావాల్సి వస్తుంది. కరెంటు పోతే గాలి ఆడించడానికి బ్యాటరీ పంపు సిద్ధంగా ఉండాలి.

విజయవాడలో, హైదరాబాదులో ఉన్నవాళ్లు నన్ను అడిగితే మాత్రం ఒకే మాట చెబుతాను. వద్దు. మే నెలలో మేడ మీద ట్యాంకు నీళ్లు చేతికి వేడిగా తగిలే ఊళ్లో, చల్లనీటి చేపను యంత్రం దయ మీద బతికించడం ఆ ప్రాణిని ఏడాది పొడవునా ఆసుపత్రిలో ఉంచడమే. మనకు కొర్రమీను ఉంది. తెలంగాణ రాష్ట్ర చేప. మన వేడికి, మన బురదకు, మన చెరువుకు పుట్టిన వేటచేప. నీటిపైకొచ్చి గాలి పీల్చుకోగలదు, పిల్లల్ని కాపలా కాస్తుంది. మన చుట్టూ ఉన్న పరిస్థితికి సరిపోయే గొప్పతనాన్ని ఎంచుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

తొట్టె వచ్చింది, నీళ్లు నింపారు. చేపను తేవచ్చా? ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. చేప విసర్జించే అమ్మోనియా దానికే విషం. ఒక రకం బాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం బాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొంతవరకు భరించదగ్గది, వారం వారం నీళ్లు మార్చి తగ్గించుకోవచ్చు. ఈ సూక్ష్మజీవులు ఫిల్టరులోని స్పాంజీల మీద, రాళ్ల మీద కాలనీలు కట్టడానికి వారాలు పడుతుంది. చల్లనీళ్లలో వాటి పెరుగుదల ఇంకా మందగిస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు చేప లేకుండానే, నీళ్లను 25 డిగ్రీల దగ్గర ఉంచి, కొద్దికొద్దిగా అమ్మోనియా వేస్తూ ఆ కాలనీని పెంచుతారు. అది నిలదొక్కుకున్నాక నీళ్లను మెల్లగా చల్లబరుస్తారు. బయటివాళ్లకు ఆ ఆరు, ఎనిమిది వారాలూ ఉత్త నీళ్ల తొట్టె కనిపిస్తుంది. చుట్టాలొచ్చి "చేపలేవీ?" అని అడుగుతారు. అడగనివ్వండి. పరీక్షకు చదివే కుర్రాడికీ, కొత్త కొట్టు పెట్టిన అమ్మాయికీ ఇలాంటి వారాలే ఉంటాయి. పని జరుగుతూనే ఉంటుంది, చూపించడానికి ఏమీ ఉండదు. ఆ వారాలను ఓర్చుకోలేనివాళ్లదే ఆరంభశూరత్వం.

పైక్ మేత పట్టడం ఒక్కసారి దగ్గర్నుంచి చూడండి. నిలువు కాడల మధ్య అది కర్రముక్కలా ఆగి ఉంటుంది. కదులుతున్నట్టే తెలియదు. గమనిస్తే పక్క రెక్కలు సన్నగా వణుకుతుంటాయి, తోకకు దగ్గరగా వెనక్కి జరిగి ఉన్న వెన్ను రెక్క అలలా ఆడుతుంటుంది. అంగుళం, ఇంకో అంగుళం. రెండు కళ్లూ ఎర మీదే. ఒళ్లు మెల్లగా వంకర్లు తిరుగుతుంది. ఆ తర్వాత మనకు కనిపించేది నీటి సుడి మాత్రమే. ఎరను అడ్డంగా పట్టుకుని ఉంటుంది, దవడలు కదిలిస్తూ దాన్ని తల వైపు తిప్పుకుని మింగుతుంది. తర్వాత మళ్లీ అదే కాడల మధ్య అదే నిశ్చలం. తొందరపాటు లేని ఏకాగ్రత అంటే ఇదీ అని మనసులో ముద్ర పడిపోతుంది.

ఈ దృశ్యమే ప్రమాదం కూడా. స్నేహితులు వచ్చినప్పుడల్లా బతికున్న గోల్డ్‌ఫిష్‌ను వేసి తమాషా చూపించాలనిపిస్తుంది. చేయకండి. గోల్డ్‌ఫిష్ ఒంట్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది బి1 విటమిన్‌ను విరిచేస్తుంది. అవే మేతగా వేస్తూ పోతే వేటచేపకు నరాల జబ్బు వస్తుంది. పైగా దుకాణపు చేపలు రోగాలు మోసుకొస్తాయి. తమాషాకు వేయబడిన ప్రాణి బాధ కూడా లెక్కలోకి రావాలి. చిన్నప్పటి నుంచే చచ్చిన మేతకు అలవాటు చేయాలి. వానపాములతో మొదలుపెట్టి, తిలాపియా ముక్కను పొడవాటి పట్టకారుతో పట్టుకుని నీళ్లలో ప్రాణమున్నట్టు కదిలించాలి. మొదటి రోజు చూడదు. రెండో రోజు వెంటపడి, దగ్గరికొచ్చి, వదిలేస్తుంది. పది నిమిషాలయ్యాక ముక్క బయటికి తీసేయాలి. బుజ్జగించి బతికున్న చేప వేయకూడదు. ఆరోగ్యంగా ఉన్న చేపకు నాలుగు రోజుల పస్తు ఏమీ చేయదు. ఒక రోజున పట్టేస్తుంది. పిల్లల పెంపకంలో కూడా పెద్దవాళ్లకు కావాల్సింది ఇంతే: కోపం లేకుండా, లొంగకుండా, రేపు మళ్లీ అదే పని అదే వేళకు చేయడం.

ఎదిగిన చేపకు వారంలో రెండు, మూడు సార్ల మేత చాలు. చలికాలంలో ఇంకా తగ్గించాలి. అడిగిన ప్రతిసారీ పెట్టడం ప్రేమ అనుకుంటే కాలేయానికి కొవ్వు పడుతుంది, నీళ్లు చెడతాయి. తోడు చేపల సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను: నోట్లో పట్టేది ఏదైనా మేతే, సొంత జాతి అయినా సరే. పైక్ పిల్లలు వేళ్లంత ఉన్నప్పుడే ఒకదాన్నొకటి మింగుతాయి.

వాలై పెంచాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. దాని కళ్ల వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది, మసక నీళ్లలో వేటాడటానికి. అలాంటి చేపను నాలుగు ఎల్‌ఈడీ దీపాల కింద పెడితే మూలన నక్కి ఉంటుంది. మీ గది అందం కోసం దాని స్వభావాన్ని హింసించకండి. మీ కింద పనిచేసేవాళ్లలో కూడా వాలైలు ఉంటారు. వాళ్లను సభల్లోకి లాగి వెలుగు వేయకండి, పని వాళ్లకు అనువైన చోట ఇవ్వండి.

ఇప్పుడు చట్టం. అమెరికాలో చేపలు చాలావరకు రాష్ట్రాల చేతిలో ఉంటాయి. గాలానికి పడిన పైక్‌ను, బాస్‌ను ప్రాణంతో ఇంటికి తెచ్చుకోవడం చాలా చోట్ల అనుమతి లేకుండా కుదరదు. కొన్ని చోట్ల లైసెన్సు ఉన్న హేచరీలో కొని రసీదు దగ్గర పెట్టుకోవాలి. నియమం రాష్ట్రం రాష్ట్రానికి మారుతుంది కాబట్టి మీ రాష్ట్ర సహజ వనరుల శాఖకు ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. "అందరూ పెంచుతున్నారు" అనే మాట ఏ అధికారి ముందూ నిలవదు, వీసా మీద ఉన్నవాళ్లకైతే ఆ ముప్పు అసలు వద్దు. మన కొర్రమీను పెంచుకుందామని అక్కడ సరదాపడేవాళ్లకూ ఇదే సంగతి. కొర్రమీను కుటుంబం మొత్తాన్ని 2002లో అమెరికా ప్రభుత్వం హానికర జీవుల జాబితాలో చేర్చి దిగుమతిని నిషేధించింది. చాలా రాష్ట్రాల్లో ప్రాణంతో దగ్గర ఉంచుకోవడమే నేరం.

ఎందుకు అంత కఠినం? అదే ఏడాది మేరీల్యాండ్‌లోని క్రాఫ్టన్ అనే ఊళ్లో ఏం బయటపడిందో చూడండి. ఒకాయన జబ్బుపడ్డ సోదరికి సూప్ కాచి పెడదామని న్యూయార్క్ నుంచి కొర్రమీనుకు దగ్గర చుట్టమైన చైనా చేపల్ని ప్రాణంతో తెప్పించాడు. ఆమె ఈలోపు కోలుకుంది. చేపల్ని అక్వేరియంలో పెట్టాడు. అవి పెరిగాయి, తిండి పెట్టలేకపోయాడు, పక్క చెరువులో వదిలాడు. అవి పిల్లల్ని పెట్టాయి. చివరికి అధికారులు చెరువులోని చేపలన్నీ చచ్చేలా రోటెనోన్ అనే మందు కలపాల్సి వచ్చింది. ఆ మనిషిలో దుర్మార్గం ఎక్కడా లేదు. ఉన్నదంతా మంచి ఉద్దేశమే. ముందుచూపు ఒక్కటే లేదు.

కాలిఫోర్నియాలోని లేక్ డేవిస్ కథ ఇంకా బరువైంది. ఎవరో అక్రమంగా తెచ్చి వదిలిన పైక్ చేపలు 1994లో అక్కడ బయటపడ్డాయి. కింద ఉన్న నదుల్లోకి జారితే సాల్మన్లకు ముప్పు. 1997లో జలాశయంలో రోటెనోన్ కలిపారు. ఆ నీళ్లే తాగునీరైన పోర్టోలా పట్టణం భగ్గుమంది. రెండేళ్లకే పైక్ మళ్లీ కనిపించింది. 2007లో మళ్లీ అదంతా చేయాల్సి వచ్చింది. మన దేశంలోనూ 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో అలిగేటర్ గార్ దొరికింది. అమెరికా నదుల చేప అది, కాశ్మీరు దాకా ఈదుకుంటూ రాలేదు. ఇలాంటివి ఎవరో ఒకరి గాజు తొట్టెలో ఇరుకై బయటికొచ్చేవే. అందుకని కొనే ముందే రాసిపెట్టుకోండి: నేను పోషించలేని రోజున ఈ చేప ఎవరి దగ్గరికి వెళ్తుంది? ఆ పేరు, ఆ ఫోన్ నంబరు దొరికాకే ముందుకు కదలండి. "చెరువులో వదిలేస్తా" అన్నది జవాబు కానే కాదు.

ఆయుష్షు గురించి కూడా ఆలోచించాలి. బౌఫిన్ అనే మరో వేటచేప మనుషుల దగ్గర ముప్పై ఏళ్ల దాకా బతుకుతుంది. షికాగోలోని షెడ్ అక్వేరియానికి 1933లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఊపిరితిత్తుల చేప 2017లో చనిపోయింది. దాన్ని అందరూ తాతయ్య అని పిలిచేవారు. ఎనభై ఏళ్లకు పైగా ఎన్ని తరాల ఉద్యోగులు మారి ఉంటారో, ఒక్కరూ ఆ తొట్టెను వదిలేయలేదు. నాకు సంస్థ అంటే గౌరవం కలిగేది ఇలాంటి చోటే.

ఇదంతా చదివి నీరుగారిపోయినవాళ్లకు మంచి దారి ఉంది. గ్రాస్ పికరెల్ అని పైక్‌కు బుల్లి చుట్టం ఉంది. సాధారణంగా అడుగు లోపే ఆగిపోతుంది. అదే ఆకారం, అదే నిశ్చలం, అదే దూకుడు. ఆరడుగుల తొట్టె దానికి చక్కగా సరిపోతుంది. పసుపు పెర్చ్ కూడా అంతే. లేదంటే టెన్నెసీ అక్వేరియం లాంటి చోటికి పిల్లల్ని తీసుకెళ్లండి. చట్టనూగాలో 1992లో తెరిచిన ఆ భవనంలో నదుల చేపలే ప్రధాన ఆకర్షణ. అట్లాంటా నుంచి కారులో రెండు గంటల దారి. మీ ఊరి పబ్లిక్ అక్వేరియంలో వాలంటీరుగా చేరితే పెద్ద తొట్టెల నిర్వహణ మీ చేతులకు అలవాటవుతుంది. నా తమ్ముడికి అదే చెప్పాను. ఆరడుగుల తొట్టెలో పికరెల్‌తో రెండేళ్లు గడుపు, నీళ్లు మార్చని వారం ఒక్కటీ లేకుండా గడిపితే పైక్ గురించి అప్పుడు మాట్లాడదాం అన్నాను.

మొదలుపెట్టదలిచినవాళ్లు ఈ వారమే ఒక నోటుపుస్తకం కొనండి. తొట్టెలో నీళ్లు నింపి, క్లోరిన్ విరిచే మందు కలిపి, ఫిల్టరు తిప్పండి. వారానికి రెండుసార్లు ఉష్ణోగ్రత, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ అంకెలు తేదీతో రాయండి. కాలనీ నిలదొక్కుకున్నాక నీళ్లు మార్చడం అలవాటు చేసుకోండి. చలికాలంలో ఉత్తరాది రాష్ట్రాల కుళాయి నీళ్లు మంచులా ఉంటాయి, ఒక్కసారిగా పోస్తే ఉష్ణోగ్రత ఢమాలున పడిపోతుంది. సన్న ధారగా, గంటసేపు పోయడం చేప రాకముందే నేర్చుకోండి. అమ్మోనియా వేసిన మర్నాడు అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, మూడు వారాలు వరసగా అలాగే వస్తే, నీళ్లను మెల్లగా 18 డిగ్రీలకు దించి హేచరీకి ఫోన్ చేయండి. మీ తొట్టెకు సరిపోయే జాతిలో నాలుగంగుళాల పిల్ల, ఒకే ఒక్కటి అడగండి. రసీదు తీసుకుని అదే పుస్తకంలో అంటించండి.